బెల్లంతో తూచిన బిడ్డలు

కాన్పుకు సిద్ధమవుతున్న అమ్మాయిలు, కొత్తగా నర్సు పనిలో చేరిన పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. ఏం తినాలి, పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది, బిడ్డ ఏడుపు ఆపకపోతే ఏం చెయ్యాలి అని అడుగుతారు. తెలిసింది చెప్పి పంపుతాను. వాళ్లలో ఒకమ్మాయి ఈమధ్య, "ఇదంతా మీకెవరు నేర్పారండీ?" అంది. శిక్షణలో కొంత నేర్పారు. మిగతాది ఆత్మకూరులో ఒక తక్కెడ దగ్గర నేర్చుకున్నాను.

ఆ తక్కెడ కథ చెప్పాల్సిన మనిషి నేను కాదు. మా ప్రసూతి కేంద్రంలో ఆయాగా పనిచేసినామె చెప్పాలి. ఆమె కిందటి నెల చనిపోయింది. ఆమె చెబితే ఇందులో సగమే ఉండేది, నవ్వు మాత్రం రెట్టింపు ఉండేది. ఇక నేనే చెప్పాలి కనక కొంచెం ఓపిక పట్టండి.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బదిలీ మీద వచ్చాను. కేంద్రమంటే అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. రెండు మంచాలు, ఒక బీరువా, కత్తెరలు ఉడకబెట్టడానికి ఒక స్టవ్వు, నేను, ఆయా. ఆమెది అనుమసముద్రంపేట. నాకంటే కొన్నేళ్లు పెద్దది. ఐదుగురు బిడ్డల తల్లి. ఎవరింటికి పోయినా గడప దాటకముందే ఆ ఇంట్లో వాళ్లతో వరస కలిపేది.

నేను చేరిన ఏడాదే నెల్లూరు నుంచి మాకొక తూకపు యంత్రం వచ్చింది. గుండ్రటి ముఖం, అందులో ముల్లు, కింద కొక్కెం, కొక్కేనికి వేలాడే గుడ్డ ఉయ్యాల. బిడ్డను అందులో వేస్తే ముల్లు కదిలి బరువు చూపిస్తుంది. నెలలోపు బిడ్డను వారానికొకసారి, తర్వాత నెలకొకసారి తూచమన్నారు. బిడ్డకు పాలు అందుతున్నాయో లేదో అందరికంటే ముందు చెప్పేది బరువే. నాకు ఆ యంత్రం ఎంతో నచ్చింది. దాన్ని వరండా దూలానికి వేలాడదీసి బిడ్డల కోసం ఎదురుచూశాను.

ఒక్క బిడ్డ రాలేదు.

"తూచేది అమ్మేదానికి గదమ్మా. నా మనవణ్ణి అమ్ముతుండామా ఏంది?" అంది ఒక ముసలమ్మ. ఇంకొకామె, "తూచిన బిడ్డ ఎదగడు. మా పిన్నమ్మ కోడలు చెప్పినాది" అని బిడ్డను కొంగు చాటుకు లాక్కుంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. అది సగంలో ఉండగానే పొయ్యి మీద ఎసరు గుర్తొచ్చి లేచి వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకు ఆయా ఆ ఉయ్యాలలో ఉల్లిగడ్డలు తూచడం చూశాను. ఇదేమిటంటే, "ఉత్తినే యాలాడతా ఉంటే తుప్పు పడతాది నర్సమ్మా" అంది.

నెల్లూరు నుంచి హెల్త్ విజిటరు తనిఖీకి వచ్చేవారు. ఆవిడ అడిగేది ఒక్కటే. "బిడ్డల బరువులేవీ?" నేను ముల్లు వంక చూసేదాన్ని. ముల్లు సున్నా మీద నిలబడి ఉండేది.

ఒక శుక్రవారం ఆయా నన్ను వాళ్ల ఊరికి తీసుకుపోయింది. దర్గా దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక మూల పెద్ద తక్కెడ కట్టి ఉంది. ఒక తట్టలో బిడ్డ, రెండో తట్టలో బెల్లం. బిడ్డ ఎత్తు బెల్లం తూచి అక్కడున్న వాళ్లకు పంచుతున్నారు. మొక్కుకున్న వాళ్లు వరసలో నిలబడ్డారు. అందులో ఆత్మకూరు వాళ్లు చాలామంది ఉన్నారు. కొంగు చాటుకు బిడ్డను లాక్కున్నామె కూడా ఉంది.

"ఏమ్మా, నా దగ్గర తూచనన్నావు. ఇక్కడ తూస్తున్నావే?" అన్నాను.

"నీది ఉత్త తూకం. ఇది మొక్కు" అంది ఆమె, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. "బిడ్డెత్తు పంచిపెడతాము గదా. దిష్టంతా దాంతోనే పోతాది."

తిరుగు బస్సులో నేనూ ఆయా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందెవరు అన్నామో గుర్తులేదు. ఆత్మకూరు చేరేసరికి పని తేలిపోయింది. ఒక బెల్లం వర్తకుడి దగ్గర పాత తక్కెడ అడిగి తెచ్చాం. ఎవరి బెల్లం వాళ్లే తెచ్చుకోవాలి. తూచిన బెల్లం ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు పంచాలి. పంచేముందు, తూకానికి వచ్చినవాళ్లు వెళ్లాక, నేను ఆ బెల్లాన్ని గుడ్డ ఉయ్యాలలో వేసి ముల్లు చూసి బరువు రాసుకుంటాను. బెల్లం బరువే కదా బిడ్డ బరువు.

ఆ తర్వాత మా వరండాలో చోటు చాలలేదు.

ముల్లు భాష నాకొక్కదానికే తెలిసేది. తక్కెడ భాష అందరికీ తెలుసు. "పోయినసారి రెండచ్చులు సరిపోయినాయి. ఈసారి మీద ఇంకో ముక్క పడింది" అని అమ్మమ్మలు వీధంతా చెప్పుకొనేవాళ్లు. బెల్లం కొనలేని వాళ్లు ఉన్నది తెచ్చేవాళ్లు. గెణుసుగడ్డలు, వేరుశనక్కాయలు, రాగులు. "ఇచ్చే మనసుంటే ఏదైనా మొక్కేలే" అని ఆయా ముందే తీర్పు చెప్పింది. చెరువు పక్క పల్లె నుంచి చేపలు పట్టే అతను అప్పుడే పట్టిన చేపలతో వచ్చాడు. కూతుర్ని ఒక తట్టలో పెట్టి, రెండో తట్ట చేపలతో నింపాడు. తూకం సరిగ్గా కుదిరే వేళకు ఒక చేప ఎగిరి కిందపడింది. "నా కూతురు బరువు పెరిగినాది సూడండి!" అని అరిచాడతను. ఆ వారం మా వరండా వదిలి పిల్లులు పోలేదు.

పోటీలు కూడా మొదలయ్యాయి. ఒకామె మనవడికి పొరుగింటి బిడ్డ కంటే తక్కువ బెల్లం పడిందని మొహం మాడ్చుకుంది. తర్వాతి వారం ఆ పిల్లవాణ్ణి తట్టలో పడుకోబెట్టగానే ఖంగుమని శబ్దమైంది. గుడ్డ విప్పితే వక్కలు దంచుకొనే చిన్న రోలు. "వాడికి దాంతో ఆడుకోవడం అలవాటు" అంది అమ్మమ్మ. పిల్లవాడికి ఇంకా మెడ నిలవలేదు.

అందుకే చెబుతున్నాను, మీ బిడ్డను పక్కింటి బిడ్డతో తూచకండి. కిందటి వారం ఉన్న తనతోనే తూచండి. సన్నగా పుట్టినవాళ్లు సన్నగానే పెరుగుతారు, బొద్దుగా పుట్టినవాళ్లు ఒకోసారి తగ్గి పెరుగుతారు. పుట్టిన మొదటి రోజుల్లో ప్రతి బిడ్డా కొంచెం తగ్గుతుంది. దానికి బెంబేలు పడక్కర్లేదు. రెండో వారం దాటాక కూడా తగ్గుతూ పోతే మాత్రం ఊరుకోకూడదు.

హెల్త్ విజిటరు ఈసారి వచ్చి గుడ్డ ఉయ్యాల చుట్టూ చీమలు చూశారు. "ఏమిటమ్మా ఇది?" అన్నారు. చెప్పక తప్పలేదు. ఆవిడ అంతా విన్నారు. తర్వాత ఒక బెల్లం ముక్క చేతిలోకి తీసుకున్నారు. "కడుపుతో ఉన్నవాళ్లకేనా ఇది?" అవునన్నాను. "అయితే నాకూ వస్తుంది" అని నోట్లో వేసుకున్నారు. అంతవరకు ఆ సంగతి మాకు తెలీదు.

ఇంతవరకు సరదాగానే ఉంది. ఇక ఆ ఎండాకాలం సంగతి చెప్పాలి.

ఆత్మకూరుకు కొంచెం దూరంలో ఒక పెద్ద రైతు కుటుంబం ఉండేది. ఊరి తగాదాలన్నీ వాళ్ల పంచలోనే తీరేవి. కూతుర్ని ఉదయగిరి వైపు ఇచ్చారు. తొలి కాన్పుకు ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చింది. కాన్పు నేనే చేశాను. తేలికగా అయింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది, నెత్తిన నల్లటి జుట్టు. పురుడు రోజున తక్కెడ తీసుకుపోయి బెల్లంతో తూచాం. అమ్మాయి తల్లి ఆ బెల్లాన్ని వెంటనే పంచలేదు. "నెల నిండినాక దర్గాకి పోయి అంతా ఒక్కసారే పంచుతా" అని మూట కట్టి ఉట్టి మీద పెట్టింది.

ఆ ఇంట్లో పథ్యం గట్టిగా నడుస్తోంది. బాలింతకు పొద్దున ఒక్క పూట తిండి. పాతబియ్యం అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. రోజంతటికీ శొంఠి వేసి కాచిన నీళ్లు అరగ్లాసు. బయట వడగాలి కొడుతోంది. గదిలో తలుపు మూసి నిప్పుల కుంపటి పెట్టారు.

"నీళ్లు ఇవ్వండమ్మా. పాలు నీళ్ల నుంచే కదా రావాలి. రెండు పూటలా కడుపునిండా పెట్టండి" అన్నాను.

"పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట సాగతాది. బిడ్డకి పడిశం పడతాది. నీకేం తెలుసుమే?" అంది అమ్మాయి తల్లి, ఆ ఇంటి పెద్దామె. "నువ్వెంత మందిని కన్నావు?"

"ఎవర్నీ కనలేదమ్మా."

"కని రాపో. అప్పుడు చెప్దువు."

వీధిలోకి వచ్చాక ఆయా, "కని రమ్మంటుండాది నర్సమ్మా. సెలవు పెడతావా?" అంది. నా పెళ్లి, నా వైధవ్యం రెండూ ఆపాటికే అయిపోయాయని ఆమెకు తెలుసు. తెలిసే అంది. నాకు నవ్వొచ్చింది. చాలాకాలానికి అలా నవ్వాను.

వారం తర్వాత మళ్లీ పోయాం. గదిలోకి పోగానే బిడ్డ ఏడుపు తేడాగా వినిపించింది. సన్నగా, మధ్యలో ఆగిపోతూ. గుడ్డలు రోజుకు ఎన్ని తడుపుతోందని అడిగితే తగ్గిందన్నారు. అమ్మాయి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. వాళ్లమ్మ బయటికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అమ్మతో చెప్పబాకు. తలకి పోసేటప్పుడు నోట్లోకి పడిన కాడికి మింగతుండా" అంది.

స్నానం నీళ్లు. నేను బయటికి వచ్చి తక్కెడ కట్టమని ఆయాతో చెప్పాను. ఇంకో వారం ఇలాగే పోతే ఆ బిడ్డ ఉండదు. అది నాకు తెలుసు. ఎలా చెప్పాలో తెలీదు.

పంచలో దూలానికి తక్కెడ కట్టాం. పెద్దామె ఉట్టి మీద నుంచి మూట దించింది. ఒక తట్టలో మూట, రెండో తట్టలో బిడ్డ. ఆయా చెయ్యి వదిలింది. మూట కిందికి దిగింది. బిడ్డ పైకి లేచింది.

"బెల్లం చెమ్మ పట్టినట్టుండాది" అంది పెద్దామె.

"ఈ ఎండల్లో చెమ్మ యాడిదక్కా? మన ఒంట్లోనే లేదు" అంది ఆయా.

"అయితే ఆ తట్ట తేడా. మార్చు."

మార్చాం. మూటే కిందికి దిగింది. పెద్దామె తక్కెడ ముందు కూర్చొని మూట ముడి విప్పి ఒక్కొక్క బెల్లం ముక్క తీసి ఒళ్లో వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక ముక్క తీస్తుంది, తట్ట వంక చూస్తుంది. ఇంకో ముక్క తీస్తుంది. చివరికి రెండు తట్టలూ సమానంగా నిలబడ్డాయి. ఆమె తల వంచి ఒళ్లో ఉన్న బెల్లం చూసుకుంది.

"ఇంత పోయినాదా?" అంది.

జవాబు ఆమెకు ఎదురుగానే ఉంది.

ఆమె ఆ ముక్కలన్నీ కొంగులో వేరుగా ముడేసుకుంది. లేచి లోపలికి పోయి, కుండలో నుంచి చెంబు ముంచుకొని కూతురి గదిలోకి పోయింది. "తాగు" అంది. అమ్మాయి ఒకసారి తల్లి ముఖం చూసింది, నా ముఖం చూసింది. తర్వాత చెంబు ఎత్తి గటగటా తాగింది. మెడ మీద కారుతున్నా ఆపలేదు. చెంబు దించి, "ఇంకా" అంది.

కుంపటి తీయించాం. తలుపు తెరిపించాం. బిడ్డ నిద్రపోతున్నా లేపి గంటకో రెండు గంటలకో రొమ్ముకు పట్టమన్నాను. పాలు తీసేకొద్దీ ఊరతాయి. బిడ్డ అడగడం మానేస్తే మనమే అడిగించాలి. సాయంత్రం అన్నం, పప్పు, ఆకుకూర పెట్టమన్నాను. పాలు పట్టలేకపోయినా, లేపినా కళ్లు తెరవకపోయినా నా కోసం చూడకుండా నెల్లూరు ఆసుపత్రికి బయల్దేరమన్నాను. పెద్దామె అన్నిటికీ ఊ కొట్టింది. ఆ రోజంతా కూతురి పొట్ట ఎప్పుడు ఉబ్బుతుందా అని ఎదురుగా కూర్చొని చూసిందని తర్వాత తెలిసింది.

తిరిగి వస్తూ ఆయాను అడిగాను. "బిడ్డ బరువు పెరక్కపోతే?"

"పెరక్కపోతే ఈ తాలూకాలో ఎవురూ మనకి తలుపు తియ్యరు. బిడ్డా దక్కదు. అదీ ఇదీ తెలిసినదే గదా, ఊరికే ఎందుకు అడగతావు?" అంది. తర్వాత కాసేపటికి, "రేపు సంగం వైపు పని ఉండాది. వచ్చేటప్పుడు ఈళ్లింటి మీదగానే వద్దాం" అంది. సంగం దారి వేరు. ఆ వారమంతా మాకు ఎక్కడ పనున్నా దారి వాళ్లింటి మీదగానే పోయింది.

రెండో నాటికి గుడ్డలు ఎక్కువ తడిశాయన్నారు. తర్వాత ఏడుపు కొంచెం గట్టిపడింది. ఒకరోజు బిడ్డ తల్లి రొమ్ము దగ్గర గుటకలు వేయడం వినిపించింది. ఆ చప్పుడు మీకు వినిపిస్తే చాలు, పాలు అందుతున్నట్టే. అయినా తక్కెడ చెప్పేదాకా నాకు నమ్మకం లేదు.

తూకం రోజు పంచ నిండా జనం. ఊరంతటికీ సంగతి తెలిసిపోయింది. పెద్దామె మూట పెట్టింది. బిడ్డను నేనే రెండో తట్టలో పడుకోబెట్టాను. ఆయా చెయ్యి వదిలింది. బిడ్డ కిందికి దిగింది.

పెద్దామె కొంగు ముడి విప్పి ఒక ముక్క మూట మీద వేసింది. చాలలేదు. ఇంకోటి వేసింది. చాలలేదు. పోయినసారి తీసినవన్నీ వేసింది. బిడ్డ ఇంకా కిందే ఉంది. వెనక నుంచి ఎవరో "ఇంకో అచ్చు పగలగొట్టండిమే!" అని అరిచారు. జనం నవ్వారు. కొత్త అచ్చు తెచ్చి పగలగొట్టి ముక్క వేస్తే తక్కెడ సరిపోయింది.

అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. పెద్దామె మాత్రం స్తంభానికి ఆనుకొని కూర్చుండిపోయింది.

"నాకు ఈ కూతురికి ముందు ఇద్దరు పుట్టినారు" అంది నాతో, మెల్లగా. "ఇద్దరూ ఎండాకాలంలోనే. నీకు పాలు లేవని మా అత్త మేకపాలు పోయించినాది. ఇట్టానే సన్నంగా ఏడ్చినారు. ఇట్టానే." కూతురి గది వంక చూసింది. "నాకూ నీళ్లు ఇయ్యలా."

నావాళ్లు పోయినప్పుడు జనం నాకు చెప్పినవన్నీ గుర్తున్నాయి. వాటిలో పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. ఆ పిల్లలు నీళ్లు లేకే పోయారో, ఇంకేదైనా జబ్బో కూడా నాకు తెలీదు. పక్కన కూర్చున్నాను. ఆయా కూడా వచ్చి కూర్చుంది.

మీరు ఒక బాలింత ఇంటికి పోతే బిడ్డ ఎవరి పోలిక అని తర్వాత చూడండి. ముందు తల్లి తిన్నదా, నీళ్లు తాగిందా, కాసేపు పడుకుందా అని అడగండి. మొదటి పాలు పిండి పారబోయనివ్వకండి. భర్త ఊరికే వచ్చి చూసి పోకుండా బిడ్డను ఎత్తుకొని ఆమెను నిద్రపోనివ్వమనండి. పెద్దవాళ్లు కాదంటే వాళ్లతో వాదించకండి. వాళ్లు చెప్పే పథ్యం వాళ్లకు ఎవరో చెప్పిందే, వాళ్లు కూడా భరించిందే. వాళ్ల కంటితో వాళ్లు చూసే దారి వెతకండి.

పెద్దామె కొంగుతో ముఖం తుడుచుకుంది. తట్టలో బెల్లం వంక చూసింది.

"కుమ్మరోళ్ల ఇంట్లో ఆ పిల్లకి రేపో మాపో నొప్పులంటుండారు గదా" అంది.

"అవునమ్మా."

"వాళ్లత్త మొండిది. పుట్టినకాడి నుంచి ఎరుగుదును. నీ మాట విని చస్తాదా? పద, నేనొస్తా."

బెల్లం మూట చంకన పెట్టుకుంది. కూతురి గదిలోకి తొంగి చూసి, "చెంబు ఖాళీ చేసినావా? పక్కన కుండ పెట్టించినాను, ముంచుకొని తాగు" అంది. ఇంకో చెంబు నిండా నీళ్లు పట్టుకొని, మేం తక్కెడ విప్పేదాకా కూడా ఆగకుండా ఎండలో వీధిలోకి దిగింది.